పలక తుడిచే ముందు

"మరి నీ దగ్గర ఇంకోటి ఎందుకు పెట్టుకోలేదు బేటా?"

జగ్గయ్యపేటలో ఖాలా నన్ను అడిగిన సవాల్ ఇది. మాకు రక్త సంబంధం ఏమీ లేదు. మా అమ్మీకి సహేలీ, అందుకని చిన్నప్పట్నుంచీ ఖాలా అనే పిలుస్తా. అడిగేటప్పుడు ఆమె గొంతులో గుస్సా లేదు. ఉండుంటే నాకు కాస్త తేలికయ్యేది. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. నా దగ్గర జవాబ్ లేదు. చాయ్ చల్లారిపోయేదాకా తల దించుకుని కూర్చున్నా.

ఆ జవాబ్ కోసమే ఈ మజ్మూన్ రాస్తున్నా. ఇందులో కంప్యూటర్ మాటలు వస్తాయి. మనకెందుకులే అని పక్కన పెట్టకండి. మన ఇళ్ళల్లో నికాహ్ ఫోటోలు, ఇంటి దస్తావేజులు, పిల్లల సర్టిఫికెట్లు, గుజర్ గయే పెద్దల ఆవాజ్‌లు ఇప్పుడు సందూక్‌లో లేవు. ఫోన్లో ఉన్నాయి, లాప్‌టాప్‌లో ఉన్నాయి, ఎక్కడో ఒక హార్డ్ డిస్క్‌లో ఉన్నాయి. వాటిని ఒక చోటినుంచి తీసి ఇంకో చోట పెట్టే పని ప్రతి ఖాన్‌దాన్‌లో ఎవరో ఒక నౌజవాన్ చేస్తూనే ఉన్నాడు. ఆ పని ఎలా చేస్తున్నాడో మనలో ఎవరూ అడగడం లేదు.

అసలు జరిగింది చెప్తా. నందిగామలో ఉంటూ విలేకరి పని చేసుకునే నాకు ఒక షౌక్ ఉంది. ఇటు జగ్గయ్యపేట నుంచి అటు కంచికచర్ల దాకా మనవాళ్ళ ఇళ్ళల్లో పాత కాగితాలు కనబడితే స్కాన్ చేసి పెట్టుకుంటా. ఉర్దూలో రాసుకున్న ఖత్‌లు, నికాహ్‌నామాలు, బెజవాడ స్టూడియోల్లో తీయించుకున్న బ్లాక్ అండ్ వైట్ ఫోటోలు. ఎవరి కాగితం వాళ్ళకి అదే రోజు వాపస్ ఇచ్చేస్తా. స్కాన్ మాత్రం నా హార్డ్ డిస్క్‌లో ఉంటుంది. ఊరికో ఫోల్డర్, దానిలో ఇంటికో ఫోల్డర్. ఫైల్ పేర్లు తెలుగులో నేనే టైప్ చేసేవాణ్ణి. ఎవరు ఎవరికి ఏమవుతారో ఆ పేర్లలోనే ఉండేది. ఏళ్ళ తరబడి చేసిన పని అది. ఇంకోళ్ళ అమానత్ అని నోటితో అంటూనే ఉండేవాణ్ణి. చేతల్లో ఆ ఎహతియాత్ లేదని తర్వాత తేలింది.

ఖాలా ఇచ్చింది ఒకటే ఫోటో. నికాహ్ అయిన కొత్తలో ఆమె, ఖాలూ కలిసి తీయించుకున్నది. ఇద్దరూ కలిసి ఉన్న ఫోటో అదొక్కటే. నేను స్కాన్ చేసి వాపస్ ఇచ్చాక, ఆమె తన ఇనప సందూక్‌ని విజయవాడ సింగ్‌నగర్‌లో కొడుకు ఇంట్లో పెట్టుకుంది. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు ఏం చేసిందో మీకు తెలుసు. ఇటు మనవైపు మున్నేరు ఐతవరం దగ్గర హైవే ఎక్కింది, అటు సింగ్‌నగర్ మునిగిపోయింది. నీళ్ళు తీశాక సందూక్ తెరిస్తే ఫోటోలన్నీ ఒకదానికొకటి అతుక్కుని అచ్చు ఇటుకలాగా అయిపోయాయి. విడదీస్తే బొమ్మ ఊడి పక్క ఫోటోకి అంటుకుంది. అప్పుడు ఖాలా ఏడవలేదట. "పర్వాలేదు, నందిగామలో పిల్లాడి దగ్గర ఒకటుంది" అందట. నేను కూడా ఫోన్లో, ఫ్రేమ్ కట్టించి తెస్తా ఖాలా అని వాదా చేశా. ఇవాళ రేపు అంటూ నెలలు గడిపేశా.

2025 జూన్‌లో బక్రీద్‌కి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ పని చేసే మా భాంజా వచ్చాడు. నా డిస్క్ నిండిపోయింది, పెద్దది కొన్నా, అందులోకి మార్చిపెట్టు బేటా అన్నా. "చేత్తో చేస్తే రోజంతా కూర్చోవాలి మామూ, పైథాన్‌లో పది లైన్లు రాస్తే అదే చేసేస్తుంది, పాత డిస్క్ కూడా ఖాళీ చేసి ఇస్తుంది" అన్నాడు. పిల్లాడు నా కళ్ళముందే టకటకా రాస్తుంటే ఫఖర్‌గా అనిపించింది. స్కూల్లో మేం కంప్యూటర్‌ని అద్దాల తలుపు అవతలనుంచి చూసిన తరం.

పైథాన్‌తో పాటే షుటిల్ అనే లైబ్రరీ వస్తుంది. ఫైళ్ళని, ఫోల్డర్లని కాపీ చేయడం, జరపడం, తుడిచేయడం దాని పని. వాడు అందులోంచి రెండు హుకుమ్‌లు వాడాడు. మొదటిది కాపీట్రీ. ఒక ఫోల్డర్‌ని, దాని లోపల ఎన్ని ఫోల్డర్లున్నా అన్నిటితో సహా ఇంకో చోట నకల్ చేస్తుంది. రెండోది ఆర్ఎంట్రీ. ఒక ఫోల్డర్‌ని దాని లోపలున్న సమస్తంతో సహా తుడిచేస్తుంది. ముందు కాపీ, తర్వాత డిలీట్. చదివితే తప్పేముంది అనిపిస్తుంది.

నడుస్తుండగా కరెంట్ పోయింది. మా ఇంట్లోది పాత డెస్క్‌టాప్, యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. సిస్టమ్ ఆగిపోయింది. కరెంట్ వచ్చాక వాడు అదే ప్రోగ్రామ్‌ని మళ్ళీ నడిపాడు. ఈసారి రెండు నిమిషాల్లో అయిపోయింది. సగం ముందే అయింది కదా మామూ, మిగతాది పూర్తి చేసి ఉంటుంది అన్నాడు. గంటలు పట్టాల్సిన పని నిమిషాల్లో అయితే శక్ రావాలి. మాకు రాలేదు. మగ్రిబ్ తర్వాత కొత్త డిస్క్ తెరిచి చూస్తే జగ్గయ్యపేట ఫోల్డర్ లేదు. పాత డిస్క్‌లో ఏమీ లేదు.

ఏమైందో వాడే ఆ రాత్రి కూర్చుని బయటికి లాగాడు. కాపీట్రీకి ఒక ఖాయిదా ఉంది. నకల్ పెట్టాల్సిన చోట ఆ పేరుతో ఫోల్డర్ అప్పటికే ఉంటే అది పని మొదలే పెట్టదు. ఇక్కడ ఇదివరకే ఏదో ఉంది అని ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. ఉన్నా సరే దానిలోనే కలిపేయ్ అని విడిగా ఇజాజత్ ఇస్తే తప్ప ముందుకు పోదు. ఆ ఇజాజత్ ఇచ్చే వెసులుబాటు కూడా పైథాన్ 3.8 వెర్షన్‌లో, అంటే 2019లో వచ్చింది. మొదటిసారి సగంలో ఆగిన ఫోల్డర్ అక్కడే ఉంది కాబట్టి, రెండోసారి కాపీట్రీ సరిగ్గా తన ఖాయిదా ప్రకారం ఎర్రర్ ఇచ్చింది. కానీ మావాడు ముందే, ఎర్రర్ వస్తే పట్టించుకోకుండా ముందుకు పో అని రెండు లైన్లు రాసి పెట్టాడు. చిన్న చిన్న ఎర్రర్‌లకి ప్రోగ్రామ్ ఆగిపోతే చిరాకు అని. ప్రోగ్రామ్ చెప్పినట్టే చేసింది. కాపీ కాలేదు, పట్టించుకోలేదు, ముందుకు పోయింది. ముందున్నది ఆర్ఎంట్రీ.

ఆర్ఎంట్రీ రీసైకిల్ బిన్‌లో వేయదు. మౌస్‌తో డిలీట్ కొడితే కంప్యూటర్ మామూలుగా ఆ బుట్టలో పడేస్తుంది, మనసు మారితే తీసుకోవచ్చు. ఈ హుకుమ్‌కి అలాంటి బుట్ట లేదు. నిజంగానా అని అడగదు కూడా. పేరు చెప్తే పోయినట్టే.

వెంటనే ఆ డిస్క్‌ని ఇక ముట్టుకోకుండా తీసి విజయవాడలో డేటా రికవరీ చేసే షాపుకి పట్టుకెళ్ళాం. డిలీట్ చేసిన ఫైల్ ఆ క్షణంలోనే డిస్క్ మీదనుంచి చెరిగిపోదు. దాని జాగా ఖాళీ అని మాత్రం రాసుకుంటుంది. ఆ జాగాలో కొత్తది రాసేలోపు పట్టుకుంటే కొంత దొరకొచ్చు. మాకు చాలావరకు దొరికింది. కానీ పేర్లు లేకుండా దొరికింది. ఊరు లేదు, ఇల్లు లేదు, అన్నీ నంబర్లే. ఎవరి దాదా ఎవరో చెప్పే పేర్లు పోయాయి. కొన్ని ఖత్‌లు తెరుచుకోలేదు. ఖాలా ఫోటో తెరుచుకుంది. పైసగం బాగుంది, కిందిసగం మొత్తం బూడిద రంగు. ఖాలూ ముఖం ఉంది. ఖాలా కూర్చుని ఉంది కాబట్టి, ఆమె నుదురు దాకా ఉంది.

అది పట్టుకుని చిల్లకల్లు దగ్గర హైవే దిగి జగ్గయ్యపేట వెళ్ళిన రోజే ఆమె ఆ సవాల్ అడిగింది.

ఇప్పుడు నా రాయ్ చెప్తా. ఇలాంటివి జరిగినప్పుడు మనవాళ్ళు రెండు రకాలుగా మాట్లాడతారు. మషీన్‌ని నమ్మితే ఇంతే, కాగితమే మేలు అని బుజుర్గ్‌లు. ఆ లైబ్రరీయే ఖతర్‌నాక్, డిలీట్ అంత సులువుగా పెట్టకూడదు అని నౌజవాన్లు. రెండూ నేను ఒప్పుకోను. కాగితం సంగతి సింగ్‌నగర్ ఇళ్ళల్లో చూశాం. ఇక లైబ్రరీ అంటారా, అది ఈమాన్‌దార్ నౌకర్‌లాగా ఉంది. ఇక్కడ ఏదో ఉంది సాబ్, నేను కాపీ చేయలేదు అని చెప్పింది. దాని నోరు మూసింది మేము. ఇల్లయినా, ఆఫీసయినా, మా పత్రికల డెస్కయినా ఇంతే. పని తొందరలో అడ్డు చెప్పేవాడి మాట వినం, తర్వాత ఎవరూ చెప్పలేదే అంటాం.

ఇది పల్లెటూరి విలేకరి ఇంట్లో మాత్రమే జరిగేది కాదు. 2021 డిసెంబర్‌లో జపాన్‌లోని క్యోటో యూనివర్సిటీలో సూపర్ కంప్యూటర్ స్టోరేజ్ నుంచి సుమారు 77 టెరాబైట్ల డేటా పోయింది. దాదాపు 3 కోట్ల 40 లక్షల ఫైళ్ళు, పరిశోధకుల కష్టం. పాత లాగ్ ఫైళ్ళని తుడిచే ఒక చిన్న స్క్రిప్ట్‌ని, అది నడుస్తుండగానే మార్చారు. దాంతో ఏ ఫోల్డర్‌లో తుడవాలో చెప్పే మాట ఖాళీ అయిపోయింది. అది లాగ్ ఫైళ్ళు వదిలి అసలు ఫైళ్ళమీద పడింది. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే పెద్ద కంపెనీలో అలిసిపోయిన ఒక ఇంజనీర్ ఒక సర్వర్ అనుకుని ఇంకో సర్వర్‌లో డిలీట్ హుకుమ్ ఇచ్చాడు. ఆ తర్వాత చూసుకుంటే, ఉన్నాయనుకున్న బ్యాకప్‌లు ఒక్కటీ సరిగ్గా పని చేయడం లేదు. అదృష్టవశాత్తు ఇంకో పని కోసం ఆరు గంటల ముందు తీసిన ఒక నకల్ దొరికింది. వాళ్ళు తమ గల్తీని దాచకుండా ప్రపంచానికి చెప్పుకున్నారు. నాకు ఇది రాయడానికి హిమ్మత్ వచ్చింది అలాంటివి చదివే.

నేను చదివింది ఉర్దూ మీడియం స్కూల్లో. తెలుగు డిగ్రీ తర్వాతి సంగతి. స్కూల్లో మా ఉస్తాద్ ఇమ్లా చెప్పేవారు. పలక మీద రాయాలి. రాశాక పక్కవాడి పలకతో, ఉస్తాద్ కితాబ్‌తో పోల్చి చూసుకోవాలి. ఆయన చూసి సర్ అని అనకముందే ఎవడైనా పలక తుడిస్తే చెవి మెలి పెట్టేవారు. పాత కాలం కాతిబ్‌ల పద్ధతి కూడా ఇదే. ఒక కితాబ్‌ని చేత్తో నకల్ రాశాక, అస్లీని ఒకరు చదువుతుంటే నకల్‌లో ఒకరు చూసుకుంటూ సరిపోల్చేవారు. దాన్ని ముఖాబలా అనేవారు. ముఖాబలా చేసినట్టు ఆ కితాబ్ అంచున రాసి పెట్టేవారు కూడా. ఆ నిశానీ ఉన్న నకల్‌కే భరోసా. మావాడి ప్రోగ్రామ్‌లో నకల్ ఉంది, తుడవడం ఉంది. మధ్యలో ముఖాబలా లేదు.

కంప్యూటర్‌లో ముఖాబలా కష్టమేమీ కాదు. పైథాన్‌లోనే ఫైల్‌సీఎంపీ అని ఇంకో లైబ్రరీ ఉంది, రెండు ఫైళ్ళు ఒకటేనా అని చూస్తుంది. మామూలుగా అడిగితే సైజు, తేదీలాంటి పైపై సంగతులు కలిస్తే చాలంటుంది. లోపలి అక్షరం అక్షరం చూడు అని విడిగా చెప్పాలి. చెక్‌సమ్ అనేది ఇంకో తరీకా. ఫైల్ మొత్తాన్ని చదివి దానికొక వేలిముద్రలాంటి నంబర్ ఇస్తుంది. అస్లీ నంబర్, నకల్ నంబర్ కలిస్తే నకల్ సరిగ్గా వచ్చినట్టు. మీ ఇంట్లో పిల్లాడిని అడగండి, వాడికి తెలుసు. తెలిసి కూడా చేయడు, ఎందుకంటే చేయమని ఎవరూ అడగరు.

ఇంకొన్ని సంగతులు నాకు ఈ దెబ్బ తర్వాతే తెలిశాయి. షుటిల్‌లో ఉత్త కాపీ అనే హుకుమ్, అదే చోట అదే పేరుతో ఫైల్ ఉంటే దాని మీద కొత్తది రాసేస్తుంది. ఒక్క మాట కూడా అనదు. స్కానర్లు ప్రతి ఇంట్లోనూ స్కాన్1, స్కాన్2 అనే పేర్లు పెడతాయి. రెండిళ్ళ కాగితాలు ఒకే ఫోల్డర్‌లో వేస్తే ఒక ఇంటి నికాహ్‌నామా మీద ఇంకో ఇంటి కరెంట్ బిల్ కూర్చుంటుంది. అందుకే పేర్లు ముందు మార్చాలి. ఉత్త కాపీ పాత తేదీని కూడా ఉంచదు, కాపీ చేసిన రోజు తేదీ పడుతుంది. తేదీ కావాలంటే కాపీ2 వాడాలి. అది తేదీల్ని కాపాడే కోషిష్ చేస్తుంది, అన్ని వివరాలకీ గ్యారంటీ ఇవ్వదు.

మూవ్ అనే హుకుమ్ గురించి కూడా జాగ్రత్త. ఒక డిస్క్‌నుంచి ఇంకో డిస్క్‌కి మూవ్ అంటే లోపల జరిగేది ముందు కాపీ, తర్వాత డిలీట్. మన జగ్గయ్యపేటవాళ్ళకి ఈ ఫరఖ్ వేరే చెప్పక్కర్లేదు. మన ధనంబోడు స్తూపాన్ని 1882లో బర్జెస్ దొరగారు తవ్వించారు. అక్కడి పేరున్న మాంధాత శిల్పం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. దాన్ని కాపీ అనరు, మూవ్ అంటారు. చూడాలంటే మనం రైలెక్కాలి.

గూగుల్‌లో ఉన్నాయి కదా భాయ్ అనేవాళ్ళుంటారు. ఉండటం మంచిదే. కానీ సింక్ అంటే అద్దంలాంటిది. ఇక్కడ తుడిస్తే అక్కడా చెరిగిపోతుంది. ఫోన్ నిండిందని ఫోటోస్ యాప్‌లోంచి డిలీట్ చేసిన బాపతు ఎంతమంది ఉన్నారో! కొన్నాళ్ళు ట్రాష్‌లో ఉంచుతుంది, ఆ తర్వాత మాఫీ లేదు. ఫ్యామిలీ గ్రూప్‌లో వేశాం కదా అనేవాళ్ళకి ఒక మాట, వాట్సాప్‌లో ఫోటోని మామూలుగా పంపితే అది నలిగి సన్నబడి చేరుతుంది. అస్లీలాగా పోవాలంటే డాక్యుమెంట్‌గా పంపాలి.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, 2025లో మన మస్జిద్ కమిటీలన్నీ పాత బీరువాలు తెరిచాయి. వక్ఫ్ ఆస్తుల వివరాలు ఎక్కించడానికి కేంద్రం ఉమీద్ పోర్టల్‌ని 2025 జూన్ 6న మొదలుపెట్టింది. ఆరు నెలల గడువు పెట్టింది. ముతవల్లీలు పిల్లల్ని కూర్చోబెట్టి దస్తావేజులు స్కాన్ చేయించారు. ఆ స్కాన్లు ఇవాళ ఎవరి ఫోన్లో ఉన్నాయి? ఆ పిల్లాడు కొత్త ఫోన్ కొంటే పాతదాంట్లోవి ఏమవుతాయి? అస్లీ కాగితాలు తిరిగి బీరువాలోకే వెళ్ళాయా, జెరాక్స్ షాపు బల్లమీదే ఉండిపోయాయా? పోర్టల్‌లో ఎక్కించాం కదా అని అస్లీని నిర్లక్ష్యం చేయకండి. స్కాన్ ఉంది కాబట్టి కాగితం అక్కర్లేదు అనుకోవడం, కాపీ అయింది కాబట్టి డిలీట్ కొట్టేయడం, రెండూ ఒకే గల్తీ.

అందుకని నా మాట ఇదీ. కాపీ చేసే ప్రోగ్రామ్‌లో డిలీట్ లైన్ ఉండనే కూడదు. అది వేరే రోజు చేయాల్సిన వేరే పని. కాపీ అయ్యాక ముఖాబలా చేయండి. కొన్ని ఫైళ్ళు మీ కళ్ళతో తెరిచి చూడండి. నెల గడిచాక, అప్పటికీ జాగా కావాలనిపిస్తే, ఇంకొకరిని పక్కన కూర్చోబెట్టుకుని చేత్తో డిలీట్ చేయండి. ప్రోగ్రామ్‌తోనే తప్పదంటే సెండ్‌టుట్రాష్ అనే లైబ్రరీ ఉంది, అది బుట్టలో వేస్తుంది. ఎర్రర్ వస్తే ప్రోగ్రామ్ ఆగాలి. ఆగితే చిరాకు పడకండి, అది మన మంచికే ఆగింది. ఏదీ ఒక్కచోటే ఉంచకండి. అమెరికా ఫోటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 లెక్క ఒకటుంది. మూడు నకళ్ళు, రెండు రకాల సామానులో, ఒకటి వేరే ఊళ్ళో. మున్నేరు, బుడమేరు చూసిన మనకి వేరే ఊళ్ళో ఎందుకో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇదంతా ఖర్చుతో కూడిన పని అంటారేమో. ఒక డిస్క్ ఖరీదు నాకు తెలుసు, నెల తనఖా ఎప్పుడొస్తుందో తెలియని విలేకరికి అది చిన్నది కాదు. అందుకే ఒక్కో ఇల్లూ విడిగా కాకుండా, ఖాన్‌దాన్ మొత్తానికి ఒక డిస్క్ కొనుక్కోవచ్చు. మస్జిద్ కాగితాలకి కమిటీ కొనొచ్చు. షాదీల్లో ఒక్క పూట లైటింగ్‌కి అంతకన్నా ఎక్కువే పెడుతున్నాం.

భాంజా మీద నాకు గుస్సా లేదు. వాడు నాలుగు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. వయసులో పెద్దవాణ్ణి నేను. ఇంకోళ్ళ అమానత్‌ని ఏళ్ళ తరబడి ఒక్క డిస్క్‌లో పెట్టుకుని తిరిగింది నేను. నెలల తరబడి ఫ్రేమ్ కట్టించకుండా ఉన్నది నేను. ఇప్పుడు వాడు మళ్ళీ రాశాడు. అందులో డిలీట్ అనే మాటే లేదు. కాపీ అయ్యాక ప్రతి ఫైల్ వేలిముద్ర పోల్చి, తేడా వస్తే ఆగి పేరు చెప్తుంది. ఒక డిస్క్ నా దగ్గర, ఒకటి జగ్గయ్యపేటలో మా ఆపా ఇంట్లో, ఒకటి హైదరాబాద్‌లో వాడి దగ్గర. నంబర్లతో మిగిలిన ఫోటోల్ని ప్రింట్ తీసి ఇంటింటికీ తిరుగుతున్నా. ఇది ఎవరు ఖాలా, వీరు ఎవరి అబ్బా అని అడిగి మళ్ళీ పేర్లు రాసుకుంటున్నా. కొన్నిటికి చెప్పేవాళ్ళు లేరు. మొదటిసారి నాకు చెప్పినవాళ్ళే ఈలోపు గుజర్ గయే.

ఖాలాకి ఆ ఫోటో ఉన్నంతవరకే కత్తిరించి ఫ్రేమ్ కట్టించి ఇచ్చా. గోడకి తగిలించుకుంది. ఆమె సవాల్‌కి నా దగ్గర ఇప్పటికీ చెప్పుకోదగ్గ జవాబ్ లేదు. బద్ధకం అన్నది ఒక్కటే నిజం. రేపు మీ ఇంట్లో ఏ ఖాలా అయినా ఆ సవాల్ అడగకముందే, ఈ జుమ్మా రోజు భోంచేశాక పిల్లల్ని పిలిచి ఒక్క మాట అడగండి. బేటా, దాదా ఫోటో ఎన్ని చోట్ల ఉంది? వేళ్ళు లెక్కపెట్టించండి. ఒక్క వేలే లేస్తే ఆ పూటే ఇంకో నకల్ తీయించండి.